థైరాయిడ్ పరీక్షలో అంకె తప్పితే - మందు మొదలుపెట్టే ముందు

ఈ మధ్య మా వైద్యశాలకు భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆవిడకు నలభై రెండేళ్ళు. చేతిలో రక్తపరీక్ష కాగితం, ముఖంలో దిగులు. కాగితంలో ఒక అంకె పక్కన నక్షత్రపు గుర్తు వేసి ఉన్నది.

"టి.ఎస్‌.హెచ్‌. 7.9 ఉందండీ. ఇక జీవితాంతం మాత్ర మింగవలసిందేనని చుట్టుపక్కల అందరూ అంటున్నారు. ఇంకా కొనలేదు. ఆయుర్వేదంలో ఏదైనా ఉంటే ఆ మాత్ర జోలికి పోకుండా మీ మందే మొదలుపెడతాం" అన్నారు భర్త.

నేను వెంటనే ఏ మందూ వ్రాయలేదు. "అమ్మా, ఈ పరీక్ష చేయించుకొన్ననాటికి మీ ఒంట్లో ఎలా ఉన్నది?" అని అడిగాను. అప్పుడు విషయం బయటపడింది. డెంగ్యూ జ్వరంతో ఆరు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చిన పదవ రోజున, నీరసం తీరడం లేదని పదిరకాల రక్తపరీక్షలు ఒకేసారి చేయించుకొన్నారట. అందులో ఇదొకటి.

ఇటువంటి కాగితాలు పట్టుకొని వచ్చేవారి సంఖ్య ఏటేటా పెరుగుతున్నది. మన దేశంలో హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాలలో జరిపిన ఒక సర్వే ఫలితాలు 2013లో వెలువడ్డాయి. వయోజనులలో నూటికి సుమారు 11 మందికి థైరాయిడ్ మందగించినట్లు అందులో తేలింది. వ్యాధి విస్తారంగానే ఉన్నది, సందేహం లేదు. అయితే కాగితంలో అంకె తప్పిన ప్రతివారూ రోగులు కారు. రోగులైన వారందరి రోగమూ ఒక్కటి కాదు. ఈ రెండు సంగతులు మందు మొదలుపెట్టే ముందే తెలియాలి. మొదలుపెట్టిన తరువాత తెలుసుకొనడం చాలా కష్టం, ఎందుకంటే మందు అంకెలను మార్చివేస్తుంది.

మేస్త్రీ, పనివాడు

మెడ ముందు భాగంలో, శ్వాసనాళానికి ఇరువైపులా సీతాకోకచిలుక రెక్కలవలె పరచుకొని ఉండేది థైరాయిడ్ గ్రంథి. తెలుగులో అవటు గ్రంథి అంటారు. పెద్దవారిలో దీని బరువు సుమారు 20 గ్రాములు. ఆహారంలోని అయోడిన్‌ను పట్టి, టి4, టి3 అనే రెండు హార్మోన్లను తయారుచేయడం దీని పని. టి4లో నాలుగు, టి3లో మూడు అయోడిన్ అణువులుంటాయి కాబట్టి ఆ పేర్లు. గ్రంథి ఎక్కువగా తయారుచేసేది టి4నే. అవసరాన్ని బట్టి శరీరం దానిని టి3గా మార్చుకొంటుంది. గుండె వేగం, శరీరపు వేడి, ప్రేగుల కదలిక, ఋతుక్రమం, పిల్లల ఎదుగుదల అన్నిటిపైనా వీటి ప్రభావం ఉన్నది.

టి.ఎస్‌.హెచ్‌. అన్నది థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఇది మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుండి వస్తుంది. పీయూష గ్రంథిని మేస్త్రీ అనుకొందాం, థైరాయిడ్‌ను పనివాడనుకొందాం. పనివాడు మందగిస్తే మేస్త్రీ గొంతు పెంచుతాడు. పనివాడు అవసరానికి మించి చేస్తుంటే మేస్త్రీ నోరు మూసుకొంటాడు. ఆ గొంతు పేరే టి.ఎస్‌.హెచ్‌. కనుక అది పెరిగిందంటే థైరాయిడ్ మందగించిందని, తగ్గిందంటే థైరాయిడ్ విజృంభించిందని సాధారణంగా అర్థం చేసుకోవాలి. "థైరాయిడ్ ఎక్కువైందండీ" అంటూ వచ్చేవారిలో చాలామందికి నిజానికి ఎక్కువైనది టి.ఎస్‌.హెచ్‌., తక్కువైనది థైరాయిడ్.

ఈ మేస్త్రీకి చెవి చాలా చురుకు. టి4 కొద్దిగా తగ్గినా టి.ఎస్‌.హెచ్‌. ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందువలననే దీనిని మొదటి పరీక్షగా ఎంచుకొన్నారు. అంత చురుకైన చెవి గనుకనే చిన్న చిన్న సందళ్ళకు కూడా అది ఉలిక్కిపడుతుంది.

కాగితం మీద అంకె ఎంతవరకు నిజం?

వయోజనులలో టి.ఎస్‌.హెచ్‌. సాధారణ పరిమితి సుమారు 0.4 నుండి 4 లేదా 4.5 వరకు అని పరీక్షాకేంద్రాలు ముద్రిస్తాయి. ఇది ఆకాశం నుండి ఊడిపడిన గీత కాదు. ఆరోగ్యవంతులైన నూరు మందిని పరీక్షించి, నడిమి తొంభై అయిదు మంది ఏ అంకెల మధ్య ఉన్నారో చూసి గీసిన గీత అది. కనుక పూర్తి ఆరోగ్యవంతులలో సైతం కొందరు దాని అవతల పడటం లెక్క ప్రకారమే జరుగుతుంది. పైగా యంత్రాన్ని బట్టి, రసాయనాన్ని బట్టి పరిమితులు కొంచెం మారుతుంటాయి. పక్కింటివారి కాగితంలోని పరిమితితో మీ అంకెను పోల్చుకోరాదు.

టి.ఎస్‌.హెచ్‌. రోజంతా ఒకేరీతిగా ఉండదు. రాత్రివేళ, తెల్లవారుజామున ఎక్కువగా ఉండి, మధ్యాహ్నానికి దిగుతుంది. ఉదయం ఏడు గంటలకు ఇచ్చిన రక్తానికీ, మధ్యాహ్నం రెండు గంటలకు ఇచ్చిన రక్తానికీ తేడా వస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. రెండవసారి చేయించుకొనేటప్పుడు అదే కేంద్రంలో, అదే వేళకు చేయించుకొంటే పోల్చడానికి వీలుంటుంది.

ఇక జబ్బుల సంగతి. తీవ్రమైన జ్వరాలు, శస్త్రచికిత్సలు, గుండెపోటు వంటివి వచ్చినప్పుడు శరీరం తన ఖర్చు తగ్గించుకొంటుంది. ముందు టి3 పడిపోతుంది. టి.ఎస్‌.హెచ్‌. కూడా తగ్గవచ్చు. కోలుకొనే దశలో ఇది తిరగబడి, టి.ఎస్‌.హెచ్‌. కొన్ని వారాలపాటు పరిమితిని దాటి, ఒక్కొక్కప్పుడు 20 వరకు కూడా పోతుంది. తరువాత తానే సర్దుకొంటుంది. జ్వరం విడిచిన కొత్తలో, అత్యవసరమైతే తప్ప, ఈ పరీక్ష చేయించుకొనరాదనడానికి కారణమిదే. పైన చెప్పిన ఆవిడ విషయంలో నాకు కలిగిన అనుమానమూ ఇదే.

జుట్టు రాలుతున్నదని, గోళ్ళు విరుగుతున్నాయని ఇటీవల మందుల దుకాణంలో బయోటిన్ మాత్రలు అడిగి కొనుక్కొని మింగే అలవాటు ప్రబలింది. మనిషికి రోజుకు కావలసిన బయోటిన్ సుమారు 30 మైక్రోగ్రాములు. ఈ మాత్రలలో 5 మిల్లీగ్రాములు, 10 మిల్లీగ్రాములు, అంటే వందల రెట్లు ఉంటుంది. అది శరీరానికి చేసే మేలు అటుంచి, పరీక్షను పాడుచేస్తుంది. చాలా యంత్రాలు బయోటిన్ ఆధారంగానే హార్మోన్లను కొలుస్తాయి. రక్తంలో అది ఎక్కువగా ఉంటే టి.ఎస్‌.హెచ్‌. లేనంత తక్కువగాను, టి4, టి3 లేనంత ఎక్కువగాను కనబడవచ్చు. థైరాయిడ్ విజృంభించిందని పొరబడి మందు వ్రాసే ప్రమాదం ఉన్నది. 2017లో అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ ఈ విషయమై హెచ్చరిక జారీచేసింది. రక్తం ఇచ్చేందుకు కనీసం రెండు రోజుల ముందు ఈ మాత్రలు ఆపాలి. పెద్ద మోతాదులు వాడేవారు ఇంకా ముందుగా ఆపవలసి ఉంటుంది.

గర్భనిరోధక మాత్రలు వాడేవారిలోను, గర్భవతులలోను హార్మోన్‌ను మోసుకుపోయే ప్రోటీన్ పెరుగుతుంది. దానితో మొత్తం టి4, మొత్తం టి3 ఎక్కువగా కనబడతాయి. ప్రోటీన్‌కు అంటుకొనక స్వేచ్ఛగా తిరిగే భాగమే పనిచేసేది. దానిని కొలిచేదే ఫ్రీ టి4 పరీక్ష. సందేహం ఉన్నప్పుడు ఫ్రీ టి4 అడగడం మేలు. గుండె లయ కోసం వాడే అమియోడరోన్, మానసిక వ్యాధులలో వాడే లిథియం, స్టీరాయిడ్లు, సి.టి. స్కాన్‌లో ఎక్కించే అయోడిన్ ద్రవం ఇవన్నీ అంకెలను కదిలిస్తాయి. డాక్టరు అడగకపోయినా చెప్పండి.

రెండు అంకెలు కలిపి చదవాలి

టి.ఎస్‌.హెచ్‌. ఒక్కదానితో నిర్ణయం చేయరాదు. పక్కన ఫ్రీ టి4 ఉండాలి.

టి.ఎస్‌.హెచ్‌. బాగా పెరిగి, ఫ్రీ టి4 తగ్గి ఉంటే విషయం స్పష్టం. పనివాడు నిజంగానే మందగించాడు. మేస్త్రీ అరిచినా ఫలితం లేదు. ఇక్కడ తాత్సారం పనికిరాదు. కొరతగా ఉన్న హార్మోన్‌ను థైరాక్సిన్ రూపంలో బయటి నుండి ఇవ్వవలసిందే.

టి.ఎస్‌.హెచ్‌. పెరిగి, ఫ్రీ టి4 మామూలుగా ఉంటే? పేచీ అంతా ఇక్కడే. చేతికి వచ్చే కాగితాలలో ఎక్కువ ఈ రకమే. పనివాడు పని పూర్తిచేస్తూనే ఉన్నాడు, కాకపోతే మేస్త్రీ కొంచెం అరవవలసి వస్తున్నది. టి.ఎస్‌.హెచ్‌. 10 దాటితే సాధారణంగా వైద్యులు చికిత్సకే మొగ్గుచూపుతారు. 10 లోపు ఉన్నవారిలో చాలామందికి రెండు మూడు నెలల తరువాత మళ్ళీ చేస్తే అంకె మామూలు స్థితికి వస్తుంది. అందుచేత, గర్భం లేనివారు, తీవ్ర లక్షణాలు లేనివారు, రెండవ పరీక్ష చేయించుకొనక ముందే జీవితకాలపు నిర్ణయం తీసుకొనడం తొందరపాటు అని నా అభిప్రాయం.

రెండవసారి చేయించుకొనేటప్పుడు యాంటీ టి.పి.ఓ. అనే పరీక్ష కూడా జతచేయడం మంచిది. శరీరపు రక్షణ వ్యవస్థే తన గ్రంథిపై తిరగబడుతున్నదా లేదా అన్నది దీనివలన తెలుస్తుంది. 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించిన వ్యాధి ఇది. ఇంగ్లండులోని విక్‌హామ్ ప్రాంతపు ప్రజలను ఇరవై ఏళ్ళు గమనించి 1995లో ప్రకటించిన లెక్క ఒకటున్నది. టి.ఎస్‌.హెచ్‌. పెరిగి, ఈ ప్రతికాయాలు కూడా ఉన్న స్త్రీలలో ఏటా నూటికి 4.3 మంది చొప్పున పూర్తిగా థైరాయిడ్ మందగించిన స్థితికి చేరారు. టి.ఎస్‌.హెచ్‌. మాత్రమే పెరిగినవారిలో ఇది 2.6. అనగా ప్రతికాయాలున్నవారు ఏడాదికొకసారి తప్పక పరీక్ష చేయించుకోవాలి. లేనివారు కొంత నిశ్చింతగా ఉండవచ్చు.

వయసు పైబడినవారి సంగతి వేరు. వయసుతో పాటు టి.ఎస్‌.హెచ్‌. సహజంగానే కొంత పెరుగుతుంది. డెబ్బై అయిదేళ్ళ తాతగారికి 6 ఉంటే అది రోగమే అనుకొనరాదు. అరవై అయిదేళ్ళు దాటి, టి.ఎస్‌.హెచ్‌. స్వల్పంగా పెరిగిన 737 మందిపై ఐరోపాలో జరిపిన పరిశోధన 2017లో వెలువడింది. థైరాక్సిన్ మింగినవారికీ, ఉత్తుత్తి మాత్ర మింగినవారికీ అలసటలో గాని, ఇతర లక్షణాలలో గాని తేడా కనబడలేదు. మోతాదు మించితే మాత్రం ముసలివారిలో గుండె లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం వంటి నష్టాలు ఉన్నాయి.

టి.ఎస్‌.హెచ్‌. బాగా తగ్గి, టి4, టి3 పెరిగి ఉంటే గుండెదడ, చేతుల వణుకు, తిన్నా బరువు తగ్గడం, చెమటలు కనబడతాయి. ఇక్కడ ఒక చిక్కున్నది. రెండు వేర్వేరు జబ్బులలో అంకెలు ఒకేవిధంగా ఉంటాయి. ఒకటి, గ్రంథి నిజంగానే ఎక్కువ తయారుచేయడం. గ్రేవ్స్ వ్యాధి ఈ కోవలోనిది. రెండవది, గ్రంథి వాచి, నిలవ ఉన్న హార్మోన్ రక్తంలోకి కారిపోవడం. కాన్పయిన ఏడాదిలోపు స్త్రీలకు, గొంతునొప్పి జ్వరాల తరువాత కొందరికి ఇది వస్తుంది. గాదెకు కన్నం పడి ధాన్యం కారిపోతుంటే, పంట ఎక్కువ పండిందనుకొని పొలానికి నీళ్ళు ఆపడం వంటిది, ఈ రెండవ రకానికి కార్బిమజోల్ ఇవ్వడం. ఆ మందు తయారీని ఆపుతుందే గాని కారడాన్ని ఆపదు. ఈ రకం వాపు సాధారణంగా కొన్ని నెలలలో దానంతట అదే చల్లారుతుంది. మధ్యలో కొంతకాలం హార్మోన్ తక్కువ కూడా అవుతుంది. గుండెదడ తగ్గడానికి వేరే మందు చాలును. ఏ రకమో తేల్చడానికి టెక్నీషియం స్కాన్ గాని, గ్రేవ్స్ ప్రతికాయాల రక్తపరీక్ష గాని ఉపయోగపడుతుంది. పాలిచ్చే తల్లులకు రక్తపరీక్షే అనుకూలం.

ఇంకొక అరుదైన రకాన్ని చెప్పకుండా వదలలేను. ఫ్రీ టి4 తక్కువ, కాని టి.ఎస్‌.హెచ్‌. పెరగలేదు, మామూలుగానో తక్కువగానో ఉన్నది. పనివాడు పడుకొన్నా మేస్త్రీ అరవడం లేదంటే మేస్త్రీకే జబ్బు చేసిందన్నమాట. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన స్త్రీలలో పీయూష గ్రంథి దెబ్బతిని, పాలు పడకపోవడం, నెలసరి తిరిగి రాకపోవడం, ఏళ్ళ తరబడి నీరసంతో ఉండటం జరుగుతుంది. టి.ఎస్‌.హెచ్‌. ఒక్కటే చేయించి "నార్మల్" అని పంపివేస్తే ఇది దొరకదు. వీరికి కార్టిసాల్ పరీక్ష చూడకుండా థైరాక్సిన్ మొదలుపెట్టడం ప్రాణాపాయం.

ఆగరాని చోట్లు

ఇంతవరకు "ఆగి చూడండి" అన్నాను. ఆగరాని చోట్లు కూడా ఉన్నాయి. గర్భిణి విషయంలో ఒక్కవారం కూడా వృథా చేయరాదు. మొదటి మూడు నెలలు శిశువు మెదడు ఎదుగుదలకు తల్లి థైరాక్సినే ఆధారం. శిశువు గ్రంథి సుమారు పన్నెండవ వారానికి గాని పని మొదలుపెట్టదు. గర్భిణుల పరిమితులు వేరుగా ఉంటాయి. అవి చూసి ప్రసూతి వైద్యులు థైరాక్సిన్ వ్రాస్తే ఆ రోజే మొదలుపెట్టాలి. ముందునుండే మాత్ర వాడుతున్నవారికి గర్భం వచ్చిందని తెలియగానే మోతాదు సుమారు నాలుగోవంతు పెంచవలసి ఉంటుంది. "గర్భంతో ఇంగ్లీషు మందులేమిటి" అని మాత్ర ఆపించిన అత్తగారిని నేనెరుగుదును. ఆవిడ ఉద్దేశం మంచిదే, చేసిన పని మాత్రం మనుమడికి అపకారం. థైరాక్సిన్ శరీరానికి పరాయి వస్తువు కాదు, మన గ్రంథి తయారుచేసేదే.

నవజాత శిశువుకు పుట్టిన మూడవ రోజు నుండి అయిదవ రోజు లోపల మడమ నుండి రక్తపు చుక్క తీసి పరీక్షిస్తారు. మొదటి రోజున టి.ఎస్‌.హెచ్‌. సహజంగానే ఎక్కువ కనుక ఆ ఆగడం. లోపం రూఢి అయితే రెండు వారాలలోపు చికిత్స మొదలైతే బిడ్డ తెలివితేటలు దెబ్బతినవు. "పాప ఏడవదు, ఎంత బుద్ధిమంతురాలో, ఎప్పుడూ నిద్రే" అని మురిసిపోయే ఇళ్ళలో ఈ పరీక్ష జరిగిందో లేదో అడగండి.

ఆయుర్వేదం మాటేమిటి?

సుశ్రుత సంహిత నిదానస్థానంలో గలగండ వర్ణన ఉన్నది. వాత, కఫ, మేదో దోషాల వలన మెడలో ఏర్పడే వాపు అది. శార్ఙ్గధర సంహితలోని కాంచనార గుగ్గులు గండమాల, గ్రంథి వంటి వాపులకు చెప్పినది. దేవకాంచనం పట్ట, త్రిఫల, త్రికటుకాలు, ఉలిమిరి పట్ట, గుగ్గులు ఇందులోని ముఖ్య ద్రవ్యాలు. నేనూ వాడతాను, వాపులకు. కాని ఆ ఋషులు వర్ణించింది వాపును, టి.ఎస్‌.హెచ్‌. అంకెను కాదు. మెడ వాపు లేకుండా హార్మోన్ లోపించినవారే నేడు ఎక్కువ. గ్రంథి పూర్తిగా చెడిపోయినవారికి, శస్త్రచికిత్సలో తీసివేసినవారికి ఏ గుగ్గులూ ఆ హార్మోన్‌ను పుట్టించలేదు. అటువంటివారు మాత్ర ఆపి మా మందు వాడతామంటే నేను ఒప్పుకొనను.

అశ్వగంధ సంగతి జాగ్రత్తగా వినండి. టి.ఎస్‌.హెచ్‌. స్వల్పంగా పెరిగిన 50 మందిపై జరిపిన చిన్న పరిశోధన 2018లో వెలువడింది. రోజుకు 600 మిల్లీగ్రాముల వేరు సారం ఎనిమిది వారాలు వాడినవారిలో టి.ఎస్‌.హెచ్‌. తగ్గి, టి4, టి3 పెరిగాయి. శుభవార్తే. అంత చిన్న పరిశోధనతో చికిత్సగా స్థిరపరచలేము. పైగా టి4ను పెంచే గుణం ఉన్నదంటే, థైరాయిడ్ విజృంభించినవారికి అది ఎదురుతిరుగుతుందని అర్థం. నిద్ర కోసమో బలం కోసమో అశ్వగంధ వాడుతూ పరీక్షకు వెళ్ళేవారు ఆ సంగతి వైద్యునికి చెప్పితీరాలి.

శంఖభస్మం, ప్రవాళభస్మం ప్రధానంగా సున్నపు ద్రవ్యాలు, మండూరభస్మం ఇనుముది. ఇవి థైరాక్సిన్‌ను ప్రేగులలో పట్టి ఉంచుతాయి. మాత్రకూ వీటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. ధనియాల నీరు తాగేవారు తాగండి, హాని లేదు. దానిని నమ్ముకొని పరీక్ష మానకండి.

ఆరోగ్యమని సైంధవ లవణం ఒక్కటే వాడే ఇళ్ళు పెరిగాయి. అందులో చాలినంత అయోడిన్ ఉండదు. మన దేశంలో 1962లో గలగండ నివారణ పథకం మొదలైనది, ఉప్పులో అయోడిన్ కలపడం దాని ఆయుధం. ఇంటికి చేరేనాటికి కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలని నియమం. పోపుల పెట్టె పక్కన రెండు ఉప్పులూ ఉంచుకోండి, రోజువారీ వంటకు అయోడిన్ ఉప్పే వేయండి. అలాగని అయోడిన్ మాత్రలు, సముద్రపు నాచు గోళీలు మింగవద్దు. అతి అయోడిన్ కూడా గ్రంథిని దెబ్బతీస్తుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్‌లకు భయపడి మానుకొనే పని లేదు, ఉడికించి తినండి.

ఆ దంపతులకు నేను చెప్పింది ఇంతే: ఎనిమిది వారాలు ఆగండి. బయోటిన్ ఉన్న జుట్టు మాత్రలు ఆపండి (వాడుతున్నారని రెండవసారి అడిగితే గాని చెప్పలేదు). అదే కేంద్రంలో, ఉదయం వేళ, టి.ఎస్‌.హెచ్‌., ఫ్రీ టి4, యాంటీ టి.పి.ఓ. మూడూ చేయించుకొని రండి. ఈలోపల చలి ఓర్వలేకపోవడం, మలబద్ధకం, ముఖం ఉబ్బడం, మగత పెరిగితే గడువు చూడకుండా రండి.

తొమ్మిదవ వారంలో వచ్చారు. టి.ఎస్‌.హెచ్‌. 3.4, ఫ్రీ టి4 మామూలు, ప్రతికాయాలు లేవు. ఆయన వెంట ఆయన చెల్లెలు కూడా వచ్చింది, అయిదవ వారం గర్భిణి, టి.ఎస్‌.హెచ్‌. 11. "మా వదినకు తగ్గినట్లే నాకూ తగ్గుతుందేమో, ఎనిమిది వారాలు ఆగుతానండీ" అన్నది. ఆ సాయంత్రమే ఆమెను ప్రసూతి వైద్యురాలి వద్దకు పంపించాను.